మేం రాయ్‌పూర్ బంద్ చేసిన శనివారం

రాయ్‌పూర్ వెళ్లొచ్చానని చెప్పగానే మా బ్యాంకులో అందరూ ఒకటే అడుగుతున్నారు: "అక్కడ చూడ్డానికేముంది?" నేను చూసిన రోజు ఊళ్లో సగం మూసి ఉంది కాబట్టి సరిగ్గా చెప్పలేను. ఆ సగాన్ని మూయించింది మేమే. కావాలని చేసింది కాదు. మాకు ఏ పార్టీతోనూ సంబంధం లేదు, నేనైతే ఇంతవరకు ఒక్క ఊరేగింపులో కూడా నడవలేదు. అయినా మధ్యప్రదేశ్‌లో అంత పెద్ద ఊరికి ఒక శనివారం సెలవిప్పించిన ఘనత మాకే దక్కింది. ఎలా దక్కిందో ఎవరికైనా చెప్పకపోతే కడుపుబ్బి పోయేలా ఉన్నాను. వెళ్లనివాళ్ల కోసం మొదటి నుంచీ చెప్తాను.

మొక్కు జుట్టు

మా తమ్ముడు చిన్నాకి ఒక బ్యాండు ఉంది. పేరు గునపం. చిన్నా గిటారు వాయిస్తూ పాడతాడు, గోపీ బేస్ గిటారు, బుజ్జి డ్రమ్స్. వాళ్లు వాయించేదాన్ని మెటల్ అంటారు. చిన్నా "పాడతాడు" అని మర్యాదకి అన్నాను గానీ, గొంతులోంచి ఎద్దు రంకె లాంటిదొకటి తీస్తాడు, అందులో మాటలు తెలుగులోనే ఉంటాయని అతనే చెప్పాలి. అతని జుట్టు నడుం దాకా ఉంటుంది. నా జుట్టు కంటే ఒత్తుగా ఉంటుంది, అది ఇంకో బాధ.

రాయ్‌పూర్‌లో ప్రోగ్రాం అనగానే మా అమ్మ, "అక్క వెంట వెళ్తేనే పంపిస్తాను" అని తేల్చేసింది. అలా నేను రెండు సెలవులు పెట్టి, రెండు చెవుల్లోకి దూది పట్టుకుని, విశాఖపట్నంలో గురువారం సాయంత్రం ప్యాసింజరు ఎక్కి గునపానికి మేనేజర్ని అయ్యాను.

రైల్లో పెద్ద డ్రమ్ము ఎక్కడా పట్టక సీట్ల మధ్య పెట్టాం. విజయనగరం దాటేసరికి అది బల్ల అయిపోయింది. పార్వతీపురంలో ఎక్కిన ఒక పెద్దావిడ దాని మీద ఆకు పరిచి పులిహోర పెట్టి, మాకందరికీ తలో ముద్ద ఇచ్చింది. ఇచ్చాక చిన్నా వైపు చాలాసేపు చూసింది.

"ఏ దేవుడికి మొక్కు బాబూ, ఆ జుత్తు?"

"దేవుడికి కాదండీ, మెటల్‌కి" అన్నాడు చిన్నా.

ఆవిడ కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. "మా వైపు వినలేదు నాయనా. ఎక్కడుందా గుడి?"

గోపీ పైబెర్తు మీంచి నవ్వి నవ్వి కింద పడబోయాడు. రాయగడలో టీ తాగాం. తెల్లారి దుప్పట్లు కప్పుకుని చూస్తే కిటికీ బయట ఊళ్ల పేర్లన్నీ హిందీలో వస్తున్నాయి. నేను హిందీ ప్రాథమిక, మధ్యమ రెండూ పాసయ్యాను. ఆ పేర్లు గడగడా చదివేస్తుంటే కుర్రాళ్లు నా వైపు గౌరవంగా చూశారు. ఆ గౌరవం సరిగ్గా ఒక రోజు నిలిచింది.

పోహా, జిలేబీ, ఒక షరతు

స్టేషన్లో రత్న ఎదురొచ్చింది. రత్నకుమారి విశాఖలో నర్సింగ్ చదివినప్పుడు మా మేడ మీద గదిలో అద్దెకుండేది. పుట్టి పెరిగింది రాయ్‌పూర్ రైల్వే కాలనీలోనే. వాళ్ల నాన్న ఏసుపాదం గారు కుర్రతనంలో బాపట్ల నుంచి వచ్చి రైల్వే పార్సిల్ ఆఫీసులో చేరి, అక్కడే రిటైరయ్యారు. ఇప్పుడు రత్న అక్కడి ఆసుపత్రిలో నర్సు.

"జల్దీ రా విజ్జీ, ఠండీలో నిలబడకు, మంచిగా నాష్తా చేద్దాం" అంటూ నన్ను లాక్కుపోయింది. డిసెంబరు మొదటి వారం. విశాఖ వాళ్లకి స్వెట్టరంటే సినిమాల్లో వేసుకునేది. మేం నలుగురం చంకల్లో చేతులు పెట్టుకుని బండి ముందు వణుకుతూ నిలబడ్డాం. పొద్దున్నే అటుకులు ఉప్మాలా చేసి, పైన సన్న కారప్పూస చల్లి, పక్కన వేడి జిలేబీ పెట్టిచ్చారు. పోహా మూడు రూపాయలు. మనం జిలేబీని భోజనం చివర తింటాం, వాళ్లు కారంతో పాటే కొరుకుతారు. మొదటి ముద్దకి ముఖం చిట్లించాను, రెండో ప్లేటు నేనే అడిగాను.

తింటూ రత్న అసలు విషయం చెప్పింది. రైల్వే కాలనీలో ఒక క్లబ్ హాలుంది. అందులో తొమ్మిదేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున ఆమె తెలుగు పిల్లలకి అక్షరాలు నేర్పుతోంది. ఇళ్లలో కొంచెం తెలుగు వినబడుతుంది గానీ పిల్లలు తమలో తాము హిందీలోనే మాట్లాడుకుంటారు.

"వాళ్లకి తెలుగంటే నానమ్మలది అని ఖయాల్ యార్. ఈ మధ్య సగం మంది రావట్లేదు. అందుకే మీ వాళ్లని పిలిచా. గిటార్ మీద తెలుగు వింటే అప్పుడు పతా చలేగా."

"మంచిదే కదా, మరి ముఖం అలా ఉందేం?"

"తివారీ జీ" అంది రత్న.

తివారీ జీ ఆ క్లబ్ సెక్రటరీ. మంకీ క్యాపు, ధోవతి, చేతికర్ర. హాలు దగ్గర మమ్మల్ని నిలబెట్టి డ్రమ్ములని లెక్కపెట్టాడు. చిన్నా జుట్టుని కొలిచినంత పని చేశాడు. తర్వాత కర్రతో నేల మీద ఒక్కొక్క మాటకీ తడుతూ షరతు చెప్పాడు. హాల్లో ఏదైనా విరిగిందో, విరిచినవాడికి ఆ హాలు శాశ్వతంగా మూసినట్టే. "జిస్‌నే తోడా, ఉస్‌కే లియే హాల్ బంద్. హమేషా కే లియే." కిటికీ అద్దం పగలగొట్టినందుకు బ్యాడ్మింటన్ వాళ్లని అలాగే వెళ్లగొట్టాడట. ఐదేళ్లయినా మళ్లీ రానివ్వలేదు.

"ఔర్ సిస్టర్ జీ, ఇన్‌మే సే కిసీ నే తోడా, తో సమఝియే ఆప్‌నే తోడా" అన్నాడు రత్నతో. మా వాళ్లలో ఎవరు విరిచినా ఆమే విరిచినట్టు. అంటే ఒక్క కుర్చీ కాలు విరిగితే తెలుగు బడి పోయినట్టే. నాకు అక్కడికక్కడే చెమటలు పట్టాయి. వణుకు తగ్గింది, అదొక్కటే లాభం.

పండరీ గోడలు

మధ్యాహ్నం రత్న వాళ్లింట్లో భోజనం. పచ్చడి నోట్లో పెట్టగానే ఇంట్లో ఉన్నట్టనిపించింది. గోంగూరని అక్కడ అమారీ భాజీ అంటారు. "నేనొచ్చిన కొత్తలో ఆర్నెల్లు గోంగూర దొరకదనుకుని ఏడ్చానమ్మాయ్. రోజూ బండి మీద కళ్ల ముందే పోతా ఉండేది, పేరు తెలవక" అన్నారు ఏసుపాదం గారు. ఆయన హిందీ మాట్లాడటం కాలనీలో నేర్చుకున్నారు. చదవడం స్టేషన్ బోర్డులు చూసి నేర్చుకున్నారు. దానికి ఆయనకి చాలా గర్వం.

"ప్రోగ్రాం రాత అంతా నాదే. గోడల మీద రాయించా, పోస్టర్లు కొట్టించా. పెయింటరుకి అక్షరం అక్షరం రాసిచ్చా" అన్నారు.

సాయంత్రం పండరీ వెళ్లాం. టోకు బట్టల బజారది. మా వీధిలో నూట ఇరవై చెప్పే నూలు చీర ఎనభైకి ఇచ్చాడు, బేరం ఆడకుండానే. నాకు అనుమానం వచ్చి రంగు పోతుందేమోనని వేలు తడిచేసి రుద్దాను. దుకాణాయన నొచ్చుకుని టీ తెప్పించాడు. టీ తాగుతూ ఎదురు గోడ చూశాను. ఎర్ర రంగుతో నిలువెత్తు హిందీ అక్షరాలు: "శనివార్, రోక్ బంద్." కింద చిన్న అక్షరాల్లో సాయంత్రం ఆరు గంటలనీ, హాలు పేరూ ఉన్నాయి.

నా ప్రాథమిక, నా మధ్యమ రెండూ కలిసి దాన్ని "రాక్ బ్యాండ్" అని చదివేశాయి. "ఎంత బాగా కనబడుతోందో" అని మురిసిపోయాను కూడా. దుకాణాయన ఆ గోడ వైపే చూస్తూ, రేపు కొట్టు తెరవాలా వద్దా అని పక్కాయనతో మాట్లాడుతున్నాడు. అది మాకు సంబంధించిన మాటని నాకు తట్టలేదు.

శనివారం పొద్దున

పొద్దున్నే పోహా కోసం బయల్దేరాం. పోహా బండి లేదు. పక్క సందులో టీ బండీ లేదు. రిక్షాలు లేవు, ఆటోలు లేవు. ఆవులు మాత్రం రోడ్డు మధ్యలో హాయిగా కూర్చున్నాయి.

"అరే బాప్ రే, ఇవాళ ఎవరిది బంద్?" అంది రత్న.

మూలమీద కిరాణా కొట్టాయన షట్టరు మోకాళ్ల దాకా దించి లోపల కూర్చుని ఉన్నాడు. వంగి అడిగింది. ఆయనా వంగి జవాబిచ్చాడు. ఏ పార్టీయో తెలియదట. "నామ్ నహీ లిఖా. నామ్‌వాలోఁ కో తో హమ్ జాన్‌తే హైఁ, బేనామ్ సే డర్ లగ్‌తా హై" అన్నాడు. పేరున్న పార్టీలు ఎంత రాళ్లేస్తాయో వాళ్లకి లెక్క తెలుసు. పేరు లేనిదైతే ఎంత ప్రమాదమో ఎవరు చెప్పొచ్చారు? అందుకని పండరీ నుంచి స్టేషన్ దాకా అందరూ మూసేశారు.

"లిఖా కహాఁ హై?" అని అడిగింది రత్న.

ఆయన షట్టరు కిందినుంచి వేలు బయటపెట్టి ఎదురు గోడ చూపించాడు. శనివార్, రోక్ బంద్.

ఇద్దరం ఆ గోడ ముందు నోళ్లు తెరుచుకుని నిలబడ్డాం. హిందీలో రోక్ అంటే ఆపు. బంద్ అంటే మీకు తెలిసిందే. శనివారం, ఆపండి, మూయండి. అంతకంటే స్పష్టంగా ఏ నాయకుడు చెప్పగలడు?

ఏసుపాదం గారిని నిలదీస్తే ఆయన తన చీటీ తెచ్చి చూపించారు. రాక్ అనడానికి నోరు గుండ్రంగా తెరవాలి కాబట్టి రోక్ అని రాశారట. బ్యాండ్‌కి ఏ గుణింతం పెట్టాలో తోచక బండ్ అని రాశారు. పెయింటరు మంచివాడు. ఏసుపాదం గారి హిందీని పదిహేనేళ్లుగా దిద్దుతున్నాడు. రోక్ సరిగ్గానే ఉంది, బండ్ అనే మాట హిందీలో లేదు, పాపం పెద్దాయన బంద్ అని రాయబోయి పొరబడ్డారనుకుని దిద్దేశాడు. ఆ దిద్దుబాటుకి రంగు ఖర్చు కూడా అడగలేదు.

"నా తప్పేంటమ్మా? నేను బండ్ అనే రాశాగా!" అన్నారు ఏసుపాదం గారు.

రత్న తల పట్టుకుని గుమ్మంలో కూలబడింది. "నాన్నా, ఊరికి ఊరు బంద్ అయింది. ఎక్కడైనా ఒక్క రాయి పడితే తివారీ జీ నా బడి పీకేస్తాడు." నాకు ఆమెని చూస్తే జాలేసింది. అదే సమయంలో నవ్వు కూడా ఆగలేదు. నవ్వాపుకోవడానికి నోట్లో చీర కొంగు కుక్కుకున్నాను, అందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

టాటీబంధ్ దాకా

అసలు దెబ్బ అప్పుడు గుర్తొచ్చింది. మైకులు, స్పీకర్లు, జనరేటరు అన్నీ టెంపోలో టాటీబంధ్ మీదుగా రావాలి. టాటీబంధ్ అంటే ఊరి పడమటి కొసన లారీలు కలిసే కూడలి. దాని పేరులోనే బంధ్ ఉందని అప్పుడైనా నాకు తట్టి ఉండాల్సింది.

మూడింటి దాకా ఎదురుచూసి రత్న తన లూనా మోపెడ్ తీసింది. వెనక నేను కూర్చున్నాను. ఖాళీ రోడ్డు మీద ఆ బండి విమానంలా పోయింది. టాటీబంధ్‌లో లారీలు బారులు తీరి ఉన్నాయి, డ్రైవర్లు రోడ్డు పక్కన పొయ్యిలు పెట్టి వంట చేసుకుంటున్నారు. మా టెంపో కనబడింది. డ్రైవరు పేరు సంత్‌రామ్, ఛత్తీస్‌గఢీ మనిషి. దుప్పటి కప్పుకుని స్పీకర్ల మీద పడుకుని ఉన్నాడు.

"చలో భైయా, దేర్ హో రహీ హై" అంది రత్న.

"కైసే జాహూఁ దీదీ, బంద్ హే." బంద్ కదా, ఎలా వెళ్తానన్నాడు.

"బంద్ నహీ హై! బ్యాండ్ హై! వహీ బ్యాండ్, జిస్‌కా సామాన్ హై యే!"

సంత్‌రామ్ లేచి కూర్చుని ఆలోచించాడు. "త బ్యాండ్ బంద్ హే?" అయితే బ్యాండ్ బంద్ అయిందా అని.

రత్న బొటనవేలితో మట్టిలో రెండు మాటలూ రాసి చూపించింది. అతనికి చదువు రాదు. ఆమె బంద్ అనీ బ్యాండ్ అనీ పదిసార్లు పలికింది. చుట్టూ లారీ డ్రైవర్లు చేరి వాళ్లు కూడా పలకడం మొదలుపెట్టారు. చివరికి సంత్‌రామ్ తేల్చేశాడు. అద్దాలు పగిలితే యజమాని ఊరుకోడు. "బంద్ ఖతమ్ హోహీ, తబ్ ఆహూఁ దీదీ."

అతనొస్తే గానీ బ్యాండ్ మొదలు కాదు. బంద్ అయిపోతే గానీ అతను రాడు. రత్న కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ అప్పటికి నవ్వు పోయింది.

తిరిగొస్తుంటే దారిలో తోపుడు బండి ఒకటి ఎదురైంది. దాని మీద నాలుగు పెద్ద సన్నాయి మూతి లౌడ్‌స్పీకర్లు, కింద జనరేటరు, వెనకాల ఎర్ర కోట్లు వేసుకున్న పది మంది డప్పుల వాళ్లు, అందరివీ బిక్కమొహాలే. అక్కడ పెళ్లి ఊరేగింపుల్లో వాయించే ఈ మేళాన్ని ధుమాల్ అంటారు. వాళ్ల మాస్టరు గన్‌పత్‌ని రత్న ఆపింది.

"కా బతావఁ దీదీ, బరాత్ ఘలో బంద్ హోగే" అన్నాడు. బంద్ భయంతో పెళ్లివారు ఊరేగింపుని కూడా మర్నాటికి మార్చుకున్నారట.

రత్న నన్ను చూసింది. నేను ఆ నాలుగు మూతుల్ని చూశాను.

"మాస్టర్ జీ, ఈ భోంపూలో గిటారు పెడితే వినబడుతుందా?" అని అడిగింది హిందీలో.

గన్‌పత్ ఛాతీ ఉబ్బించాడు. అందులో ఏం పెట్టినా పక్క జిల్లా దుర్గ్ దాకా వినబడుతుందన్నాడు.

డిమాండ్లు

మేం చేరేసరికి నాలుగున్నర. హాలు ముందు పోలీసు జీపు ఆగి ఉంది. మెట్ల మీద తివారీ జీ కర్ర ఊతం మీద నిలబడి ఉన్నాడు. సబ్ ఇన్‌స్పెక్టరు పెన్సిలూ నోటు పుస్తకమూ పట్టుకుని ఏసుపాదం గారిని ప్రశ్నిస్తున్నాడు. చిన్నా, గోపీ, బుజ్జి డ్రమ్ము వెనక దాక్కున్నారు.

"యే బంద్ కిస్‌నే బులాయా?" ఈ బంద్‌ని పిలిచింది ఎవరని అడిగాడు.

"హమ్ బులాయా సాబ్" అన్నారు ఏసుపాదం గారు, నిటారుగా నిలబడి. అంత బాగా ఎవరూ ఒప్పుకుని ఉండరు.

"అకేలే?" ఒక్కరేనా అని.

"నై సాబ్, బేటీ భీ. విశాఖపట్నం సే బులాయా. రేల్ మే ఆయా."

పెన్సిల్ ఆగింది. "బంద్ రేల్ మే ఆయా?"

"హా సాబ్. తీన్ లడ్కే, ఏక్ బడా ఢోల్."

సబ్ ఇన్‌స్పెక్టరు గట్టిగా ఊపిరి తీసి, మీ డిమాండ్లేమిటని అడిగాడు. "మాంగే క్యా హైఁ ఆప్‌కీ?"

ఏసుపాదం గారు చిన్నా వైపు చూశారు. చిన్నా చెవిలో ఏదో చెప్పాడు. "ఏక్ ప్లగ్ పాయింట్ సాబ్. దో మిలే తో ఔర్ అచ్ఛా."

అప్పుడు రత్న లూనా వదిలేసి పరుగెత్తింది. బండి నా మీద పడింది, ఆ మచ్చ మోకాలి మీద ఇంకా ఉంది. చీటీ, పోస్టరు, పెయింటరు, అంతా ఒక్క గుక్కలో చెప్పింది. సబ్ ఇన్‌స్పెక్టరు టోపీ తీసి, జీపు బానెట్ మీద తల ఆనించి, భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. కానిస్టేబుళ్లు అటు తిరిగి నవ్వారు. తివారీ జీ మాత్రం నవ్వలేదు.

"ప్రోగ్రాం కీజియే" అన్నాడు రత్నతో. "నియమ్ వహీ హై." షరతు మాత్రం పాతదే.

గునపం దిగింది

ఆరయ్యేసరికి హాలు కిటకిటలాడిపోయింది. దుకాణాలు లేవు, సినిమాహాళ్లు లేవు, మరి ఊరు ఎక్కడికి పోతుంది? ఊరంతటినీ మూయించిన ఆ బంద్ ఎలా ఉంటుందో చూద్దామని పండరీ వర్తకులు కుటుంబాలతో సహా వచ్చారు. చీర అమ్మినాయన నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. రత్న బడి పిల్లలు ముందు నేల మీద కూర్చున్నారు. మానేసిన సగం మంది కూడా వచ్చారు.

మెటల్‌లో పొగ ఉండాలట. మా దగ్గర ఆ యంత్రం లేదు కాబట్టి బుజ్జి ఇనప బకెట్‌లో నిప్పులు పోసి కిలో సాంబ్రాణి వేశాడు. పొగ కమ్మేసింది. మొదటి రెండు వరసలు చెప్పులు విడిచేశాయి.

చిన్నా గిటారు మీద చెయ్యి వేశాడు. గన్‌పత్ భోంపూల్లోంచి వచ్చిన శబ్దాన్ని ఎలా చెప్పను? వంద రేకు డబ్బాల్ని మెట్ల మీంచి దొర్లించినట్టుంది. చిన్నా ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్లుగా ఆ శబ్దం కోసమే వెతుకుతున్నాడట. జుట్టు విరబోసి, తల ముందుకీ వెనక్కీ గిరగిరా ఊపుతూ రంకె వేశాడు.

సాంబ్రాణి పొగ, విరబోసిన జుట్టు, ఊగిపోతున్న మనిషి. మన దగ్గరైతే పూనకం అంటాం. అక్కడా అంతే. "దేవీ చఢ్ గయీ!" అని ఎవరో అరిచారు. ఒక ముసలావిడ నిమ్మకాయతో వేదికెక్కి, చిన్నా నుదుటికి కుంకుమ పెట్టి, తన కొడుక్కి బిలాస్‌పూర్ బదిలీ ఎప్పుడవుతుందని అడిగింది. పాట మధ్యలో చిన్నా ఏం చెప్తాడు? తన వంతు వచ్చిందని పల్లవి రంకె వేశాడు. ఆవిడ తృప్తిగా దిగిపోయింది. వెనకాల పదిమంది వరస కట్టారు. నేను వేదిక పక్క దూది మర్చిపోయి, ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలియకుండా గెంతులేస్తున్నాను.

భోంపూలని కూడా హాలు ప్లగ్గుకే పెట్టాం, మూడో పాటలో ఫ్యూజు పోయింది. హాలంతా చీకటి. గిటార్లు మూగబోయాయి. ఒకరు ఈల వేశారు, ఒక కుర్చీ కిర్రుమంది, ఎవరో తోశారు. చీకట్లో రత్న నా చెయ్యి పట్టుకుంది. "విజ్జీ, ఒక్క కుర్చీ విరిగితే అయిపోయాం" అంది.

బుజ్జి మాత్రం వాయించడం ఆపలేదు. అతనికి కరెంటుతో పనేముంది? గుమ్మం దగ్గర్నుంచి గన్‌పత్ మేళం అందుకుంది. బుజ్జి వేగం పెంచితే వాళ్లూ పెంచారు. ధుమాల్ వినబడితే రాయ్‌పూర్ మనిషి కాళ్లు ఆగవని రత్న తర్వాత చెప్పింది. తోసుకుంటున్నవాళ్లు తోసుకోవడం మాని ఆడటం మొదలుపెట్టారు. నేల అదిరింది. అప్పుడే ఎక్కడో పైన ఫట్‌మని పేలి, జలజలా రాలింది.

రత్న నా చెయ్యి వదిలేసింది.

కాసేపటికి ఎవరో ఫ్యూజు వేశారు. దీపాలు వెలిగాయి, ఒక్క మూల తప్ప. ఆ మూల ట్యూబ్‌లైటు లేదు. దాని కింద ధోవతి మోకాళ్లపైకి ఎగగట్టి, చేతికర్ర రెండు చేతులతో ఆకాశానికి ఎత్తి, ఒక కాలు గాల్లో ఉంచి తివారీ జీ నిలబడి ఉన్నాడు. మంకీ క్యాపు మీద గాజు ముక్కలు తళతళా మెరుస్తున్నాయి.

డప్పులు ఆగిపోయాయి. ఆయన కాలు దించాడు. కర్ర దించాడు. ధోవతి సరిచేసుకుని ఎవరి వైపూ చూడకుండా నడిచి వెళ్లిపోయాడు.

"హమ్ తోడా సాబ్!" అని వెనక నుంచి ఏసుపాదం గారు అరిచారు, పాపం ఆయన్ని కాపాడదామని. తివారీ జీ వెనక్కి తిరగలేదు.

ఆదివారం

ఎనిమిదింటికి బడి. మా రైలు మధ్యాహ్నం. పోహా బండి తిరిగొచ్చింది గానీ రత్న ముద్ద ముట్టలేదు. "ఆయన పరువు పోయింది విజ్జీ. అందరి ముందూ. ఇక కోపం ఎవరి మీద తీర్చుకుంటాడనుకున్నావ్?"

హాలుకి తాళం వేసి ఉంది. మెట్ల మీద పిల్లలు పలకలతో కూర్చున్నారు. ఎప్పుడూ రానంత మంది. ఒక పిల్ల చిన్నా పక్కన చేరి, "భైయా, మీ బ్యాండ్ పేరు ఎలా రాయాలి?" అని తెలుగులోనే అడిగింది. పలక మీద గునపంలో సున్నాని హిందీలోలా అక్షరం నెత్తి మీద పెట్టింది. రత్న అలవాటుగా వంగి దిద్దింది. దిద్దుతూ ముఖం పక్కకి తిప్పుకుంది.

తొమ్మిది కావస్తుంటే రిక్షా వచ్చింది. తివారీ జీ మోకాళ్ల మధ్య కొత్త ట్యూబ్‌లైటు నిలువుగా పట్టుకుని కూర్చున్నాడు. దిగి మెట్లెక్కాడు. మేమంతా లేచి నిలబడ్డాం. ట్యూబ్‌లైటు చిన్నా చేతికిచ్చాడు. తర్వాత జంధ్యానికి కట్టుకున్న తాళంచెవి ముడి విప్పడం మొదలుపెట్టాడు. ముడి బిగుసుకుపోయింది, చాలాసేపు పట్టింది.

విప్పి, రత్న అరచేతిలో పెట్టాడు.

"సిస్టర్ జీ, నియమ్ తో నియమ్ హై. జిస్‌నే తోడా, ఉస్‌కే లియే హాల్ బంద్. తోడా మైఁనే. అబ్ చాబీ ఆప్ రఖియే."

విరిచింది తనే కాబట్టి హాలు తనకే మూసినట్టు, తాళంచెవి ఇక ఆమె దగ్గరే ఉండాలట. తొమ్మిదేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున ఆయన గేటు ముందు నిలబడి అడిగి తెచ్చుకున్న తాళంచెవి అది. రత్న దాన్ని తాళంలో పెట్టి తిప్పింది. తలుపు తెరుచుకోగానే పిల్లలు గోలగోలగా లోపలికి పరుగెత్తారు.

తివారీ జీ గడప బయటే ఆగిపోయాడు. ఒక్క అడుగు కూడా లోపల పెట్టలేదు. కాసేపు కర్ర అటూ ఇటూ మార్చుకుని, గొంతు సవరించుకున్నాడు. మంగళవారం సాయంత్రం వాళ్ల ముసలివాళ్ల క్యారమ్స్ ఉంటుందట. హాలు ఇస్తారా అని అడిగాడు.

రత్న కొంగుతో కళ్లు తుడుచుకుంది. నర్సుల కంఠం ఒకటుంటుంది కదా, ఆ కంఠంతో, ఆలోచించి చెప్తానంది:

"సోచ్‌కర్ బతాతీ హూఁ."